తొమ్మిదో వరస

ముప్ఫై నాలుగు సీట్ల చిన్న విమానం.
అడిలైడ్ నుంచి పోర్ట్ లింకన్‌కి
కాఫీ చల్లారేలోగా దాటేసే సముద్రం.
క్యాబిన్‌లో నేనొక్కదాన్నే:
వడ్డించేదాన్ని, గదమాయించేదాన్ని,
తలుపు వేసేదాన్ని.

బొత్తాల ఫోన్ల కాలం అది.
స్విచాఫ్ చేయండి, స్విచాఫ్ చేయండి అని
ఆ మాట నా నోట్లో
కండక్టర్ నోట్లో రైట్ రైట్‌లా అరిగిపోయింది.

ఆ జూలై సాయంత్రం కిందంతా పొగమంచు.
గోధుమ గాదెల నెత్తులు మాత్రం
తేలుతూ కనిపించాయి, తర్వాత అవీ లేవు.
ఇంటర్‌కమ్‌లో కెప్టెన్ కర్స్టీ:
"వకుళా, ఎవరిదో ఫోన్ బతికే ఉంది.
నా చెవిలో ఈగ."
ఈగ అనే అంది. జోరీగ అని
నేను అనువదించుకున్నాను.

వరసవరసా చూసుకుంటూ వెళ్లాను.
తొమ్మిదో వరసలో డింకో,
మూడు ట్యూనా పడవల ఆసామి,
ఉప్పుకి చెక్కుదేలిన చేతులు.
ఒళ్లో ఫోన్. తెర చీకటి.
"ఆపేశానమ్మా" అన్నాడు.
నమ్మలేదు.
అందరి ముందూ బ్యాటరీ ఊడదీయించాను,
బడిపిల్లాడి జేబులో గోళీలు కక్కించినట్టు.
ఫోన్ ఓ చేతిలో, బ్యాటరీ ఓ చేతిలో
దిగేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

అయినా కర్స్టీ చెవిలో
టిక్‌టిక్‌టిక్, టిక్‌టిక్, బర్ర్...

ఫోన్ మాత్రం ఏం చేస్తుంది పాపం.
టవర్ దూరమైనకొద్దీ గొంతు పెంచుతుంది,
తిరనాళ్లలో చెయ్యి జారిన పసివాడిలా
ఇక్కడున్నా, ఇక్కడున్నా అని.
దానికేం తెలుసు,
అదే గాలిలో ఇంకెవరో
ఊపిరి బిగబట్టి వింటున్నారని.

ఆ ఊరి ఎయిర్‌పోర్టులో దారి చెప్పే మనిషి లేడు.
నేనెక్కడ, నువ్వెక్కడ అని
పైలట్లే ఒకరికొకరు చెప్పుకోవాలి.
రేడియో మీట మూడుసార్లు నొక్కితే
కింద దీపాలు లేచి కూర్చుంటాయి.
మంచులో ఎక్కడో మరో బుల్లి విమానం
తన దూరం చెప్పింది.
సరిగ్గా అంకె మీదే వాలింది జోరీగ.
ఐదు మైళ్లా? తొమ్మిదా?

"మళ్లీ చెప్పండి" అంది కర్స్టీ.

తొమ్మిది.

అంతే. ఏమీ కాలేదు.
చక్రాలు తడినేలని తాకాయి,
ఎవరో ఆవులించారు,
పై అరలోంచి ఒక టోపీ జారిపడింది.
ఐదుకీ తొమ్మిదికీ మధ్య ఉన్న
ఆ నాలుగు మైళ్ల చీకటి గురించి
ఏ పేపరూ రాయదు.

అందరూ దిగాక, చలేస్తోందని
కాక్‌పిట్ గోడని ఆనుకున్న అల్మరా తెరిచాను.
నా కోటు జేబులో
పచ్చగా, చిన్నగా, ఒక వెలుగు.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు.
సగం నేరం డింకో ఒళ్లో ఎప్పుడో పెట్టేశాను,
మిగతా సగం అక్కడికే చేరుతుంది.

కర్స్టీ హెడ్‌సెట్ తీసి చెవి రుద్దుకుంటోంది.
"మా భాషలో ఓ సామెత ఉంది" అన్నాను.
"చంకలో పిల్లనుంచుకుని ఊరంతా వెతికిందట."
కాసేపు ఆలోచించింది.
"మరి ఆ పిల్ల ఏడవలేదా?"
"ఏడ్చింది. మీ చెవిలో."

నవ్వుతుందనుకున్నాను.
లాగ్ పుస్తకం నా వైపు తోసి
పెన్ను మూత తీసి ఇచ్చింది.
రాశాను. ఎవరిది అన్నచోట
నా పేరు, పూర్తిగా, ఇంటిపేరుతో సహా.

బయటికి పరిగెత్తాను.
కార్ల దగ్గర ఒకే ఒక్క లైటు, దాని చుట్టూ మంచు.
డింకో ఇంకా అక్కడే ఉన్నాడు,
ఫోన్ ఓ చేతిలో, బ్యాటరీ ఓ చేతిలో.
నాదేనండీ, మీది కాదు అని
నేను నోరు తెరిచేలోగా
ఆయనే అడిగాడు:
"ఇక పెట్టుకోవచ్చా, అమ్మా?"